బుల్లి కెమెరాకు లైటరు పెట్రోలు

శనివారం పొద్దున అల్లుడు వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. కూరగాయల సంచీతో బయల్దేరాలి, సందు చివర గడియారాల మెకానిక్ దగ్గర మామగారి కెమెరా బాగుచేయించాలి, ఏమీ ఎరగనట్టు ఇంటికి చేరాలి.

కెమెరా అంటే బొటనవేలంత ఉంటుంది. లాగితే తెరుచుకుంటుంది, నొక్కితే మూసుకుంటుంది. రిటైరైన హెడ్మాస్టరు మామగారు దాన్ని నలభై ఏళ్లుగా ఇంకొకరి చేతికివ్వలేదు. అలాంటిది పోయిన ఆదివారం తనంతట తానే తెచ్చి, "జాగ్రత్త, అల్లుడూ. వచ్చే ఆదివారం తీసుకెళ్తాను" అన్నారు. ఆయన గుమ్మం దాటగానే అల్లుడు మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్లీ నొక్కాడు. పై ప్రాణాలు పైనే పోయాయి. ఏడేళ్లుగా అత్తవారింట సంపాదించుకున్న మంచిపేరు ఇక దక్కదనుకున్నాడు.

మెకానిక్ కంటికి భూతద్దం తగిలించుకుని చూశాడు. "లోపల రేకులు జిడ్డుకి అతుక్కుపోయాయండీ. లైటర్లో పోసే పెట్రోలుతో కడగాలి. సిగరెట్ల కొట్లో దొరుకుద్ది, ఓ డబ్బా పట్రండి."

తెచ్చేసరికి మెకానిక్ కెమెరాను సొరుగులో పెట్టి భోజనానికి వెళ్లిపోయాడు. డబ్బాను టమాటాల కింద దాచి అల్లుడు ఇంటికొచ్చాడు. భార్య సంచీ బోర్లించింది.

"ఏమండీ, ఏంటిది?"

"లైటరు పెట్రోలు."

"మళ్లీ మొదలెట్టారా?"

అతను సిగరెట్లు మానేసి నాలుగేళ్లయింది. మీ నాన్నగారి కెమెరా పాడుచేశాననడం కన్నా ఇది తేలికనిపించింది. "అప్పుడప్పుడూ," అన్నాడు తలొంచుకుని.

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా వచ్చింది. భార్య ఏడ్చి, డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి, పుట్టింటికి ఫోన్ చేసింది. గంటలో అత్తమామలు దిగారు. మామగారు ఊపిరితిత్తుల గురించి నలభై నిమిషాలు నిలబడి మాట్లాడారు. సాయంత్రం అల్లుడు అలా నడిచొస్తానంటే, "ఒంటరిగా పంపకు, నాన్నా!" అంది భార్య. మామగారు అతని చెయ్యి పట్టుకుని వెంట నడిచారు.

"సార్!" అని సందు చివర నుంచి మెకానిక్ కేకేశాడు. "మీరెంతకీ రాలేదని నేనే పెట్రోలు తెప్పించి కడిగేశా. ఇదిగో మీ బుల్లి కెమెరా!"

అల్లుడు అక్కడే నిలబడిపోయాడు. "క్షమించండి, మామయ్యగారూ. నేనే పాడుచేశాను. ఆదివారం."

"ఆదివారమా?" మెకానిక్ నవ్వాడు. "ఆ జిడ్డు ముప్పై ఏళ్ల నాటిదండీ. పైగా ఎవరో మహానుభావుడు తలపిన్నుతో పొడిచాడు. ముక్క లోపలే విరిగుంది, చూడండి."

మామగారు బల్ల మీద కూలబడ్డారు.

"ఆ పిన్ను మీ అత్తయ్యది, పొడిచింది నేను. మా అమ్మాయి నడక నేర్చిన ఏడాది. అప్పట్నుంచీ ఏటా ఆవిణ్ణి నిలబెట్టి ఫోటో తీస్తూనే ఉన్నాను, ఫిల్ము కడిగేవాడు పాడుచేశాడని చెబుతూనే ఉన్నాను. పాపం, ముప్పై ఏళ్లుగా వాణ్ణే తిడుతోంది."

"మరి నాకెందుకిచ్చారు?"

"ఎవరో ఒకరి చేతిలో పాడవ్వాలిగా, బాబూ. నీ చేతిలో పాడైందంటే, నా అబద్ధం బయటపడకుండా ఆ గొడవ తీరిపోతుందనుకున్నా."

అల్లుడికి ఒళ్లు మండాల్సింది. కానీ ఆ ముసలి చేతులు కెమెరాను పసిబిడ్డలా అందుకోవడం చూసి జాలేసింది. మామగారు మీట నొక్కారు. టిక్కుమంది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకో పదిసార్లు నొక్కారు.

"అత్తయ్యగారికి నేను చెప్పను లెండి," అన్నాడు అల్లుడు.

గుమ్మంలోనే అత్తగారు ముక్కు చిట్లించింది. "ఏమండీ, మీ చేతులు పెట్రోలు వాసనొస్తున్నాయేంటి?"

మామగారు అల్లుడి వంక చూశారు. కెమెరా ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని, గొంతు సవరించుకున్నారు. ముప్పై అయిదేళ్లు బడిపిల్లలకు సత్యమే పలకాలని బోధించిన ఆ పెద్దమనిషి, తాను కూడా కాలుస్తున్నానని ఒప్పుకున్నారు.