పూరీ గేట్ త్యాగమూర్తి

మన ఊరి పూరీ గేట్ దగ్గర నిలబడి ఉన్న విగ్రహం మా అబ్బాయిదని ఇందుమూలముగా తెలియజేస్తున్నాను. పోలికను బట్టి ఎవరూ గుర్తుపట్టలేరు గనుక చెప్పవలసి వచ్చింది. మా వరాహనరసింహానికి మీసం లేదు. త్యాగమూర్తికి మీసం లేకపోతే నిండుగా ఉండదని విగ్రహ కమిటీ తీర్మానించింది.

మావాడు ఇందా అనే పేట అవతల ఒక పోత కార్ఖానాలో పనిచేసేవాడు. బరువులెత్తే కప్పీ గొలుసు అరిగిపోయిందని మేనేజరు సోమేశ్వరరావు గారికి చెబుతూ ఉండేవాడు. పోయిన శ్రావణంలో ఆ గొలుసే తెగి, ఇనుప దిమ్మ వాడి మీద పడింది. సోమేశ్వరరావు గారు ఎంతో చలించిపోయారు. తెగిన చోట ఒక లింకు అతికించి, విగ్రహ కమిటీకి తామే అధ్యక్షులయ్యారు.

ఆ రోజుల్లోనే సింహాచలమ్మ మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త నూకయ్యను మావాడి చోట పనిలో పెట్టారు.

"బొమ్మేటి సేసుకుంటాం మాస్టారూ? ఆ గొలుసు మార్సమనండి బాబూ. మా మావ రేపూ దాని కిందే గదేటి నిలబడాల!"

నేను ఆ మాట కమిటీకి విన్నవించాను.

"మేము మీ అబ్బాయి కీర్తి గురించి ఆలోచిస్తుంటే, మీరు ఇనప సామాను గురించి మాట్లాడతారేమిటి మాస్టారూ!" అన్నారు అధ్యక్షులవారు. నా సంస్కారానికి సభ్యులందరూ నొచ్చుకున్నారు.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. బ్యాండు మేళం, బొబ్బట్లు, రసగుల్లాలు. విగ్రహాన్ని పీఠం మీదికి ఎత్తడానికి కార్ఖానా నుంచి ఆ కప్పీనే, ఆ గొలుసుతోనే తెప్పించారు. పొదుపు మంచిదే.

"గొలుసులో లోపం లేదు! విధి బలీయమైనది!" అని సోమేశ్వరరావు గారు గర్జించారు. చప్పట్లు మోగాయి.

విగ్రహం నేల విడిచింది. మైకు తీగ ఎంతవరకు సాగుతుందో అంతవరకు అధ్యక్షులవారు వెనక్కి జరిగారు. సభ్యులకు తీగ లేదు గనుక రోడ్డు దాటారు. కింద విగ్రహానికి చెయ్యి ఆనించి నిలబడినవాడు నూకయ్య ఒక్కడే.

"ఓలమ్మ! బాబులందరూ రోడ్డు దాటీసినారు, మా మావనొక్కడినే వగ్గీసినారు!" అని సింహాచలమ్మ కేక పెట్టింది. ఆమె సభామర్యాద ఎరగదు.

ఆ పూట గొలుసు తెగలేదు. విధి కూడా రసగుల్లాల దగ్గర ఉండిపోయినట్టుంది.

తరువాత ఆవులు వచ్చి విగ్రహం పీఠానికి ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. కమిటీ అత్యవసరంగా సమావేశమైంది. కలకత్తా నుంచి మేలురకం కొత్త గొలుసు తెప్పించింది. ఆ కబురు విని సింహాచలమ్మ కార్ఖానాకు పరుగెత్తింది. గొలుసు అక్కడికి రాలేదు. త్యాగమూర్తి చుట్టూ కంచెగా కట్టారు.

ఆమె వచ్చి దాన్ని రెండు చేతులా పట్టుకుని లాగి చూసింది. "గట్టిదే మాస్టారూ," అంది. నూకయ్యకు అన్నం కేరియరు ఇవ్వడానికి కార్ఖానా వైపు నడిచింది.

ఇప్పుడు మీరందరూ రిక్షావాడితో "బొమ్మ దగ్గర ఆపు" అంటున్నారు. సాయంత్రం పూట ఆ గొలుసు మీద చేరగిలబడి, లోకంలో న్యాయం లేదని మాట్లాడుకుంటున్నారు. నిర్భయంగా కూర్చోండి. అది తెగదు.