సినలేయి ఆర్థిక స్వాతంత్ర్య మహోత్సవం

న్యూజిలాండ్‌లో, దక్షిణ ఆక్లాండ్‌లోని మాంగెరెలో ఉండే మా సమోవన్ కుటుంబ మండలి, మా సినలేయి ఆర్థిక స్వాతంత్ర్యం సాధించినట్టు ఆదివారం ప్రార్థన ముగియగానే ప్రకటించింది. ఆ సంగతి సినలేయికి కూడా అప్పుడే తెలిసింది.

ఆధారం బలమైనదే. అంతకు ముందు వారం, మా పిన్ని తోడికోడలి మేనమామ అంత్యక్రియలకు చందా ఇవ్వలేనని ఆమె చెప్పింది. మాలో డబ్బు లేనివాళ్లు అప్పు చేసైనా ఇస్తారు. ఇవ్వనన్నదంటే దాచిందన్నమాట. సమోవా దీవుల నుంచి వచ్చి మాంసం ఫ్యాక్టరీలో నడుము విరగ్గొట్టుకున్న తండ్రికి పుట్టిన పిల్ల డబ్బు దాచిందంటే మాటలా? వెంటనే ఉత్సవ సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు ఇయోసెఫో పెదనాన్న. ఆయన జన్మలో ఉద్యోగం చెయ్యలేదు కనుక ఆర్థిక విషయాలను నిష్పక్షపాతంగా చూడగలడు.

“పెదనాన్నా, శుక్రవారం నేను కొనే ఇంటికి అడ్వాన్సు కట్టాలి. ఏడేళ్లు కూడబెట్టాను. కట్టకపోతే ఆ ఇల్లు వేరేవాళ్లకి పోతుంది” అంది సినలేయి.

“నిన్నెవరడిగారే డబ్బులు? సన్మానం నీకు. దర్జాగా కూర్చో.”

“మరి ఖర్చెవరిది?”

“చుట్టాలే మోసుకొస్తారు.”

“అమ్మయ్య!”

“వచ్చినవాళ్లకి మర్యాదలు మాత్రం నీవి. ఒట్టి చేతులతో పంపితే పోయిన మీ తాత ఏమనుకుంటాడు?”

మర్యాదలకు ఆమె ఏడేళ్ల పొదుపు సరిగ్గా సరిపోయింది. పెదనాన్న అంచనా అంత కచ్చితం.

బుధవారం చర్చి హాల్లో ఉత్సవం. మా ఆనవాయితీ ప్రకారం, చావుకైనా సంబరానికైనా కానుకలన్నీ నిలవ బీఫ్ డబ్బాల పెట్టెలే. చదివింపులు మైకులో వినిపించడంతో ప్రతి కుటుంబమూ పక్క కుటుంబం కన్నా ఒక పెట్టె ఎక్కువ ఇచ్చింది. సాయంత్రానికి మాంగెరె దుకాణాల్లో ఒక్క డబ్బా మిగల్లేదు. అన్నీ సినలేయి వెనకాల గోడలా లేచాయి. ఆమె వచ్చినవాళ్లందరికీ డబ్బు కవర్లు పంచింది.

“ఈ పిల్ల ఎవరి ముందూ చెయ్యి చాపలేదు! ఒక్కరి సాయం లేకుండా తన కాళ్ల మీద తాను నిలబడింది!” అని పెదనాన్న కళ్లు తుడుచుకుని, తన కవరు విప్పి చూసుకున్నాడు.

శుక్రవారం ఉదయం సినలేయి డబ్బాలన్నీ లారీకెక్కించి ఆ ఇల్లు అమ్ముతున్న సవేలియో గుమ్మం ముందు దిగింది. ఆయనా మావాడే. ముందురోజే ఆయన బావమరిది పోయాడు. అంత్యక్రియలకు పట్టుకెళ్లడానికి డబ్బాల కోసం ఊరంతా తిరిగి, ఉత్త చేతులతో అప్పుడే వచ్చాడు.

“అడ్వాన్సు తెచ్చావా?”

“డబ్బు లేదు బాబాయ్. బీఫ్ డబ్బాలున్నాయి.”

సవేలియో గేటు పట్టుకున్నాడు. “ఎన్ని?”

“ఈ ఊళ్లో ఉన్నవన్నీ.”

“ఇవి లేకుండా వెళ్తే మా ఆవిడ వాళ్ల తమ్ముడి పక్కనే నన్నూ పూడ్చేస్తుంది. ఎంతకిస్తావే తల్లీ?”

“ఇంటికి.”

అడ్వాన్సు ముట్టినట్టు ఆయన అక్కడే సంతకం పెట్టాడు. మిగతా సొమ్ము బ్యాంకు ముప్పయ్యేళ్ల అప్పుగా ఇచ్చింది. సినలేయి స్వాతంత్ర్యం ఆ విధంగా సంపూర్ణమైంది.

సవేలియో బావమరిది అంత్యక్రియలకు మేమంతా వెళ్లాం. ఆయన ఎవరో మాకు తెలియదు, అయినా మర్యాద మర్యాదే. వాళ్లూ మమ్మల్ని ఒట్టి చేతులతో పంపలేదు. మా డబ్బాలు మాకే తిరిగొచ్చాయి. పెళ్లికాని పిల్ల ఖాళీ ఇంట్లో ఎలా కాపురం పెడుతుందని, సినలేయి ఇంట్లో దిగే రోజున ఆ డబ్బాలతో పాటు మేమూ దిగాం. ఇంకా అక్కడే ఉన్నాం.

పడకగదులు పెద్దవాళ్లవి. సినలేయి వంటింట్లో చాప వేసుకుంటుంది, స్వతంత్రురాలు కనుక ఎక్కడైనా పడుకోగలదు. మా పిల్లలకు రోజూ ఆమెనే చూపించి బుద్ధి చెబుతున్నాం. ఇంటి తాళంచెవి ఒక్కటే ఉంది, అది పెదనాన్న దగ్గరుంటుంది. అయినా ఇబ్బందేమీ లేదు. సినలేయి ఆఫీసు నుంచి వచ్చి తలుపు తడితే వెంటనే తీస్తాం. సొంత పిల్లను పరాయిదానిలా చూసే అలవాటు మా కుటుంబంలో లేదు.