ప్లంబరు ఏకాంత ప్రార్థన

ఆ శనివారం పొద్దున ప్లంబరు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫోను ఇంట్లోనే వదిలేయాలి, చర్చికి నడిచి వెళ్ళాలి, కాసేపు దేవుడితో ఒంటరిగా మాట్లాడుకోవాలి, టిఫిను వేళకు ఇంటికి వచ్చేయాలి. ఇందులో ఎవరికీ ఏ హానీ లేదు. పైగా పైసా ఖర్చు లేని పథకం.

దీనికంతటికీ కారణం కిందటి ఆదివారం. కానుకలు పట్టే వేళ ప్రార్థన చేయమని పాస్టరు గారు అతన్ని లేపారు. కళ్ళు మూసుకుని బాగానే మొదలుపెట్టాడు. రోగుల్ని తలుచుకున్నాడు, పరీక్షలు రాసే పిల్లల్ని తలుచుకున్నాడు, చర్చి గోడకు సున్నం కూడా అడిగాడు. తీరా చివరికొచ్చేసరికి, ఆమెన్ అనాల్సిన చోట, "సరేనండీ, ఉంటాను మరి. ఏమైనా ఉంటే ఫోన్ చెయ్యండి" అనేశాడు.

చర్చి అంతా గొల్లుమంది. పాస్టరు గారు బైబిలు మొహానికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వారు. ప్లంబరు కూడా అందరితో పాటు నవ్వేశాడు గాని, ఇంటికొచ్చాక అన్నం కలిపి వదిలేశాడు. ఒకప్పుడు పైపులు కోస్తూ ప్రార్థించుకునేవాడు. ఇప్పుడు ప్రార్థిస్తూ పైపులు కోస్తున్నాడు. మోకాళ్ళ మీద కూర్చున్నా, ఎవరింటి ట్యాంకు పొంగుతోందో, ఎవరి షవరుకు వాషరు తేవాలో అదే ధ్యాస. దేవుడు కూడా తనకు ఇంకో కస్టమరైపోయాడా అన్న అనుమానం వచ్చి, అతనికి నిజంగానే భయమేసింది. దేవుడికి దూరమైనందుకు కూడా కాదు. అలా ఎన్నాళ్ళ నుంచి దూరంగా ఉంటున్నాడో తనకే తెలియనందుకు.

శుక్రవారం సాయంత్రం భార్యకు చెప్పాడు, రేపు పొద్దున్నే చర్చికి వెళ్తానని, ఫోను తీసుకెళ్ళనని. ఆమె అప్పుడు వాళ్ళ అన్నయ్యతో ఫోనులో ఉంది. "ఊఁ" అంది. ఆ ఊఁ తనకో బావగారికో ఆరా తీసే ఓపిక అతనికి లేదు. ఆ ఇంట్లో ఊఁ అంటే అనుమతి దొరికినట్టే లెక్క.

తెల్లారగానే ఫోను ఆపేసి బీరువాలో చొక్కాల కింద పెట్టాడు. స్కూటరు తీస్తే దారిలో ఎవరో ఒకరు ఆపుతారని తీయలేదు. పనిముట్ల సంచి భుజాన లేకుండా వీధిలో నడవడం అతనికే వింతగా అనిపించింది. మెయిన్ రోడ్డు మీద కస్టమర్ల ఇళ్ళు ఎక్కువ కాబట్టి సందుల్లోంచి వెళ్ళాడు.

చర్చి డాబా మీది నీళ్ళ ట్యాంకు చూసేది అతనే. అందుకని బయటి మెట్ల తాళంచెవి ఒకటి అతని దగ్గరే ఉంటుంది. ఆ మెట్ల మధ్యలో బాల్కనీ తలుపు వస్తుంది. నేల పగుళ్ళిచ్చిందని బాల్కనీలోకి జనాన్ని రానివ్వడం మానేశారు. విరిగిన బెంచీలు, రెక్కలు ఊడిన ఫ్యాన్లు, దుమ్ము పట్టిన తెరలు అక్కడ పడేశారు. మనుషులు రాని చోటు, ఫోను లేని చోటు. ఇంతకంటే ఏం కావాలి అనుకుని, ఒక బెంచీ తుడుచుకుని, దాని ముందు మోకరించాడు.

"తండ్రీ" అన్నాడు. ఆ మాటతోనే అతనికి గోడలో పైపు కనిపించింది. అది వంపు తిరిగే బెండు దగ్గర చెమ్మ ఉంది. కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ "తండ్రీ" అన్నాడు. ఈసారి ఆ బెండు మూసిన కళ్ళలోపలే కనిపించింది. లేచి వెళ్ళి వేలితో తడిమి చూసి, పాత చెమ్మే అని తేల్చుకుని, తిరిగొచ్చి మోకరించాడు. ఇలా నాలుగైదుసార్లు దేవుడికీ పైపుకూ మధ్య తిరిగాక తల బెంచీ మీద ఆనించాడు. వారమంతా సరిగ్గా నిద్రలేని మనిషి. బెంచీ చల్లగా ఉంది. అంతే, గుర్రుపెట్టాడు.

ఆ సమయంలో ఇంటి దగ్గర ఏం జరిగిందో అతనికి తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.

రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఒకావిడ ఉన్నారు. చర్చిలో ఆమెకు పాస్టరు గారు కూడా కాస్త భయపడతారు. ఆమె వంటింటి సింకు కింద పైపుకు ముందురోజు ప్లంబరు గుడ్డ చుట్టి, పొద్దున్నే వస్తానని మాటిచ్చి వచ్చాడు. పొద్దున్నే అంటే అతని లెక్కలో మధ్యాహ్నం భోజనం లోపల. ఆమె లెక్కలో స్కూలు గంట కొట్టే వేళ. ఈలోగా గుడ్డ ఊడిపోయింది. ఫోను చేస్తే స్విచాఫ్. ఆమె తడిసిన చీర కుచ్చిళ్ళతోనే ప్లంబరు ఇంటికొచ్చి తలుపు కొట్టారు.

అప్పుడే నిద్ర లేచిన భార్య మొదట నమ్మలేదు. ఆయన ఫోను స్విచాఫ్ చేయడమా? పెళ్ళిలో ఉంగరాలు మార్చుకుంటూ కూడా ఫోనెత్తిన మనిషి. బయటకొచ్చి చూస్తే స్కూటరు ఉంది. స్కూటరు మీద పనిముట్ల సంచి ఉంది. మనిషి లేడు. వెంటనే అన్నయ్యకు ఫోను చేసింది.

అది పొరపాటు. ఇంట్లో ఎవరైనా తుమ్మితే, రెండో తుమ్ములోపల అంబులెన్సు నంబరు వెతికే మనిషి ఆయన. కాళ్ళకు చక్రాలు కట్టుకుని వచ్చి, సంగతి సగం విని, చర్చి వాట్సాప్ గ్రూపులో పెట్టేశారు. పొద్దున్నుంచి కనబడటం లేదని ఆయన రాసింది, రెండు గ్రూపులు దాటేసరికి నిన్నటి నుంచి అయింది. నాలుగో గ్రూపులో నీళ్ళ ట్యాంకులన్నీ వెతుకుతున్నారని వచ్చింది. గుర్తుకోసం ఒక ఫోటో పెట్టారు. దొరికింది పెళ్ళి ఫోటో. అందులో ఉన్న ఒత్తైన జుట్టున్న సన్నటి కుర్రాడికీ ఇప్పటి ప్లంబరుకూ పోలికే లేదు. అందువల్ల ఆ ఫోటోలాంటి మనిషిని బస్టాండులో చూశామని ముగ్గురు రాశారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు.

పోలీసు స్టేషనుకు పోదామని బావగారు బయల్దేరుతుంటే పాస్టరు గారు ఆపారు. ముందు అందరం కలిసి ప్రార్థిద్దాం, ఆ తర్వాత స్టేషనుకు వెళ్దాం అన్నారు. శనివారం పనులన్నీ ఎక్కడివక్కడ వదిలేసి జనం చర్చిలో పోగయ్యారు. హెడ్‌మిస్ట్రెస్ గారు సింకు కింద బకెట్టు పెట్టి మరీ వచ్చారు. ముందురోజు అతన్ని నోటికొచ్చినట్టు తిట్టానన్న బాధ ఆమెను ఇంట్లో నిలవనివ్వలేదు.

అలా ఊరంతా వెతుకుతున్న మనిషికి సరిగ్గా కింద కూర్చుని, అతన్ని వెతికి పెట్టమని దేవుణ్ణి అడగడం మొదలుపెట్టారు.

ఆ హోరుకు ప్లంబరుకు మెలకువ వచ్చింది. శనివారం చర్చిలో ఇంతమంది ఎందుకున్నారో అర్థం కాలేదు. అందరూ ఒక్కసారే గొంతెత్తి ప్రార్థిస్తున్నారు కాబట్టి మాటలు కలిసిపోతున్నాయి. చెవి రిక్కించి వింటే అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్క తెలిసింది. ఎవరో సహోదరుడు కనబడకుండా పోయాడు. ఇంట్లోవాళ్ళు అల్లాడిపోతున్నారు.

కాసేపటికి హోరు తగ్గి ఒక్కొక్కరే సాక్ష్యం చెప్పసాగారు. మొదటి గొంతు బావగారిది. "మా ఇంటి మనిషని చెప్పడం కాదు. అంత నెమ్మదస్తుణ్ణి నేను చూడలేదు. ఒకళ్ళని పల్లెత్తు మాట అనేవాడు కాదు" అంటున్నారు. ప్లంబరు ముక్కు మీద వేలేసుకున్నాడు. బావగారు ఒక మనిషిని మెచ్చుకోవడం అతను వినడం అదే మొదటిసారి. వాళ్ళ వైపు చుట్టాల్లో ఇంత మంచివాడు ఎవరబ్బా అని ఒక్కొక్కళ్ళనే తలుచుకున్నాడు. ఎవరూ తగల్లేదు.

తర్వాత హెడ్‌మిస్ట్రెస్ గారు లేచారు. ఇచ్చిన మాట తప్పని మనిషి, పిలిస్తే చాలు వచ్చి నిలబడేవాడు అని చెప్పారు. ప్లంబరుకు కాస్త అసూయ కలిగింది. నీలాంటి అబద్ధాలకోరును నా సర్వీసులో చూడలేదని ఆమె తనను అని ఇంకా ఒక రోజు కూడా కాలేదు. చివరగా ఎవరో ఆడమనిషి వెక్కిళ్ళ మధ్య, మా ఆయన నేనేం చెప్పినా శ్రద్ధగా వినేవారు అంది. ఆ ఏడుపులో గొంతు పోల్చుకోలేకపోయాడు. పోల్చుకున్నా నమ్మేవాడు కాదు.

వింటుంటే అతని మనసు కరిగిపోయింది. నెమ్మదస్తుడు, మాట తప్పనివాడు, భార్య చెప్పింది వినేవాడు. అలాంటి మనిషి కనబడకుండా పోతే ఇక లోకంలో ఎవరు మిగిలినట్టు? తనలాంటివాడు పోయినా ఒక అర్థముంది. అతనికి కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆ మనిషి కోసం ప్రార్థించడానికి మోకరించబోయి, ఇలాంటప్పుడు ఏకాంతమేమిటి, నలుగురితో కలవాలి అనుకుని, మెట్లు దిగి, వెనక తలుపులోంచి హాల్లోకి వచ్చాడు. అందరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. చివరి వరుసలో హెడ్‌మిస్ట్రెస్ గారి పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

ఈసారి పైపూ లేదు, బెండూ లేదు. గోడలో చెమ్మ ఉందో లేదో కూడా గుర్తురాలేదు. లోపల ఎన్నాళ్ళుగానో బిగుసుకుపోయినదేదో వదులైంది.

"ప్రభువా, ఆ బిడ్డ ఎక్కడున్నాడో నీకు తెలుసు. మాకెవ్వరికీ తెలియదు, నీకు తెలుసు. ఆ ఇల్లాలి ఏడుపు విను తండ్రీ. అతన్ని ఇప్పుడే, ఈ నిమిషమే, ఈ తలుపులోంచి లోపలికి తీసుకురా" అని ఎలుగెత్తాడు.

అవును ప్రభువా, అవును ప్రభువా అంటున్న గొంతులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ముందు వరుసలో భార్య ఏడుపు ఆగింది. అతను మాత్రం ఆగలేదు. పోలీసులకు గుర్తులు చెప్పినట్టు, పైన విన్న గుణాలన్నీ దేవుడికి చెప్పి, తృప్తిగా ఆమెన్ అన్నాడు. తన ఆమెన్ ఒక్కటే వినిపించేసరికి కళ్ళు తెరిచాడు. చర్చి అంతా వెనక్కి తిరిగి తననే చూస్తోంది.

ఆలస్యంగా వచ్చినవాడు మరీ ఎక్కువ ఏడ్చాడనుకుంటున్నారేమోనని, పక్కకు వంగి మెల్లగా అడిగాడు. "తప్పిపోయింది ఎవరండీ, పాపం?"

హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళజోడు సర్దుకుని అతన్ని పైనుంచి కిందకు చూశారు.

"నువ్వేనయ్యా."

అతను తల తిప్పి, తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

ఆ తర్వాత జరిగింది అంత భక్తిగా ఏమీ లేదు. మనిషి దొరికాడన్న సంతోషం పట్టుమని ఒక పాట పాడేంతసేపు కూడా నిలవలేదు. బావగారు తన సాక్ష్యం మొత్తం వెనక్కి తీసుకున్నారు. ఇంగితం ఉన్నవాడెవడూ చెప్పకుండా వెళ్ళడన్నారు. తన ఇంటి నేల మీద నీళ్ళు ఏ గది దాకా వచ్చి ఉంటాయో హెడ్‌మిస్ట్రెస్ గారు లెక్క కట్టి వినిపించారు. దుకాణం మూసేసి వచ్చినవాళ్ళు దుకాణం గురించి, పొయ్యి ఆర్పి వచ్చినవాళ్ళు పొయ్యి గురించి గుర్తుచేసుకుని వెళ్ళిపోసాగారు. అందరికంటే చివర భార్య వచ్చింది.

"ఒక్క మాట చెప్పి వెళ్ళొచ్చు కదండీ" అంది. ఆమె కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"చెప్పాను. నువ్వు ఊఁ అన్నావు."

ఆమె ఆలోచించింది. ఎప్పుడన్నదో గుర్తొచ్చినట్టుంది. అతని మోకాళ్ళకు అంటిన దుమ్ము కొంగుతో దులిపింది.

పాస్టరు గారు మాత్రం వెలిగిపోతున్నారు. ఇంత త్వరగా జవాబొచ్చిన ప్రార్థనను తన సేవలో ఎన్నడూ చూడలేదన్నారు. అతను ప్రార్థనకే బాల్కనీ ఎక్కాడని తెలిసి, పక్కకు తీసుకెళ్ళి, పైన ఏకాంతంలో దేవుడితో గడిపిన సమయం ఎలా ఉందని ఆసక్తిగా అడిగారు.

"నిద్రపోయానండీ అయ్యగారూ. ప్రార్థన చేసింది కిందికొచ్చాకే" అన్నాడు ప్లంబరు. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు. "చాన్నాళ్ళకు మనసారా చేశాను. ఎవరో మంచివాడి కోసం అనుకున్నాను."

పాస్టరు గారు అతని భుజం తట్టారు.

మర్నాడు ఆదివారం. తెల్లవారుజామునే ప్లంబరు ఎక్కడికీ వెళ్ళకుండా మంచం పక్కనే మోకరించాడు. ఎక్కడుంటాడో ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాడు. ఫోను దిండు కింద మోగుతోంది. మోగనిచ్చాడు. వంటింట్లో గిన్నెల చప్పుడవుతోంది. కానిచ్చాడు. చాలాసేపు ఏం మాట్లాడాలో తోచలేదు. ఆ తోచకపోవడంలో కూడా ఎవరో ఎదురుగా కూర్చుని వింటున్నట్టే ఉంది. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభువా, నిన్న చర్చిలో వాళ్ళు చెప్పిన మనిషి ఉన్నాడే, నెమ్మదస్తుడు, మాట తప్పనివాడు, భార్య చెప్పింది వినేవాడు. వాళ్ళు నన్ను చూసి దొరికాడనుకుని వెళ్ళిపోయారు. అతను ఇంకా దొరకలేదు తండ్రీ. నువ్వు మాత్రం వెతకడం మానకు."

ఆ ప్రార్థన పూర్తికాకముందే, వంటింట్లోంచి భార్య గట్టిగా ఆమెన్ అంది.