ఆపీ ఆపని కారు

గురువారం పొద్దున అరవింద్ వేసుకున్న లెక్క చాలా తేలికైనది. తొమ్మిదింటికి భార్య వినీతతో కామారెడ్డిలో బయలుదేరాలి. పదింటికల్లా ఎల్లారెడ్డి చేరి, అలిగి కూర్చున్న మేనత్త భూదవ్వకు బొట్టు పెట్టి చెల్లెలు స్నిగ్ధ పెళ్లికి పిలవాలి. మధ్యాహ్నానికి తిరిగొచ్చి ఎరువుల దుకాణం తెరవాలి. దారిలో ఇంకో చిన్న పని కూడా కలుపుకున్నాడు. కొంప ముంచేది ఎప్పుడూ ఆ కలుపుకున్న చిన్న పనే.

భూదవ్వ నాలుగేళ్లుగా పుట్టింటి గడప తొక్కలేదు. ఎందుకని తమ్ముడు రాజేశం ఎన్నిసార్లు ఫోన్ చేసి అడిగినా "నీ కొడుకునే అడుగు" అని పెట్టేసేది. ఆ కొడుకు అరవిందేమో "నాకేం ఎరుక బాపూ" అని తెల్లమొహం వేసేవాడు. ఇప్పుడు పెళ్లికి పది రోజులే ఉంది.

"కుమ్మరింటి నుంచి పెండ్లికి ఐరేని కుండలు తెచ్చేటప్పుడు ముంగట నడిచేది ఇంటి ఆడబిడ్డ. అక్క రాకుంటే ఆ కుండలు రావు, నేను పందిట్ల గూసోను," అని రాజేశం కొడుకుకు తేల్చి చెప్పాడు. "గదువ పట్టుకుంటవో, కాళ్లు పట్టుకుంటవో నీ ఇష్టం. అక్కను ఒప్పించి రా."

ఇక ఆ చిన్న పని సంగతి. అరవింద్‌కు ఒక ఎర్ర కారుంది. నాలుగేళ్ల కిందట హైదరాబాద్‌లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న టర్బో కారు. చూడటానికి అగ్గిపెట్టెంత, కాలు నొక్కితే బాణం. అయితే పరుగెత్తడంలో దానికున్న ఉత్సాహం ఆగడంలో లేదు. ఇంటి ముందు దిగాల్సిన రాజేశం, ఇల్లు దాటాక ఉన్న కిరాణా కొట్టు ముందు దిగి వెనక్కి నడిచి వచ్చేవాడు. చివరికి నిన్న మెకానిక్ మైసన్న షెడ్డులో పెద్ద బ్రేకు డిస్కులు, కొత్త క్యాలిపర్లు, పందెం కార్లకు వేసే రకం ప్యాడ్లు వేయించాడు. వేయించి ఊరుకుంటే ఈ కథే లేదు.

"కొత్త ప్యాడ్లకు, డిస్కులకు పొత్తు కుదరాలె అన్నా," అన్నాడు మైసన్న. "ఎనభై మీద పోవాలె, గట్టిగ తొక్కి పదికి తేవాలె, మళ్ల ఎనభై. గిట్ల పది దఫాలు. నడుమల కారు మాత్రం ఆపొద్దు. డిస్కు కాలి ఉంటది గదా, ఆపినవంటే ప్యాడు అచ్చు దాని మీద పడ్తది. ఇగ జిందగీ మొత్తం స్టీరింగు వణుకుతది."

అరవింద్ దాన్ని వేదవాక్కుగా తీసుకున్నాడు. ఎల్లారెడ్డి రోడ్డు మీద ఊరికీ ఊరికీ మధ్య ఎనభై మీద పోవచ్చు. ఊరు రాగానే ఎలాగూ వేగం తగ్గించాలి. స్వామికార్యం, స్వకార్యం రెండూ అవుతాయి. వెనకాల బండ్లు లేకుండా చూసుకుంటే సరి అనుకున్నాడు. ఒక్క సంగతి మరిచాడు. ఆ దారిలో ప్రతి ఊరి స్టేజీ దగ్గరా బస్సు కోసం నిలబడ్డవాళ్లుంటారు. వాళ్ల ముందు ఒక కారు నడక వేగానికి వచ్చిందంటే, ఎక్కమని అర్థం. అది ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ తెలుసు.

తాడ్వాయి రాకముందే మొదటిది జరిగింది. తెల్ల ధోవతి కట్టిన పెద్దమనిషి స్టేజీ దగ్గర నిలబడి ఉన్నాడు. కారు కీచుమని పదికి వచ్చింది. ఆయన చల్లగా నవ్వి, గొడుగు ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి డోరు మీద వేశాడు.

"ఒకటి," అంది వినీత. లెక్క పెట్టే బాధ్యత ఆమెది. ఒళ్లో కుంకుమ భరిణె, చీర, పెళ్లిపత్రిక ఉన్నాయి.

కారు ఎగిరి దూకింది. పెద్దమనిషి చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏందండి, ఆయన ఎక్కుదామని వచ్చిండు గదా. జర ఆపుండ్రి."

"ఆపొద్దు. అచ్చు పడ్తది."

రెండోది, మూడోది కూడా అలాగే గడిచాయి. నాలుగో స్టేజీలో ఇంకొంచెం ముదిరింది. ఒకావిడ కారు పూర్తిగా ఆగేదాకా ఎందుకని, తన సంచిని కిటికీలోంచి వినీత ఒళ్లో పెట్టేసింది. ఆవిడ వెనక డోరు వైపు నడిచేలోగా కారు అరవై దాటింది.

"అయ్యో, సంచి. వాపస్ పోదాం."

"పోతే ఆపాలె. వచ్చేటప్పుడు ఇచ్చేద్దాం."

"మనల్ని దొంగలనుకుంటరండి," అంటూ వినీత ఫోన్ నంబరేమైనా ఉందేమోనని సంచి వెతికింది. చంటిపిల్ల గౌను, గిలక్కాయ, డబ్బాడు సకినాలు ఉన్నాయి. నంబరు లేదు. కంగారులో తనకు తెలియకుండానే రెండు సకినాలు తిన్నది.

ఆరోసారికి భరిణె మూత ఊడి కుంకుమంతా అరవింద్ తెల్లచొక్కా మీద పడింది. ఎనిమిదోసారికి ముందు చక్రాల నుంచి పొగ లేచింది. స్టేజీ పక్క ఇంటాయన పాపం బిందెడు నీళ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. కాలిన డిస్కు మీద నీళ్లు పడితే పగిలిపోతుంది. అరవింద్ దండం పెడుతూనే గేరు మార్చాడు.

తొమ్మిదోది లింగంపేట. చంటిపిల్లల్ని ఊపే కొత్త చెక్క తొట్టెలను బోర్లించి నెత్తిన పెట్టుకున్న మనిషి ఒకాయన రోడ్డంచున నిలబడి ఉన్నాడు. మొహం తొట్టెలలో దాక్కుంది, కాళ్లు మాత్రం కనపడుతున్నాయి. కారు నెమ్మదించిన చప్పుడు విని, "బతికుండు బిడ్డా, డిక్కీ తియ్యి," అన్నాడు. తొట్టెల దించుకునేసరికి ఆయన ముందు పొగ తప్ప ఏమీ లేదు. పదోసారి స్టేజీలో ఒక మేక ఉంది. ఆ మొత్తం దారిలో మనసు నొచ్చుకోనిది అదొక్కటే.

డిస్కులు చల్లారేలా మెల్లగా నడుపుకుంటూ ఎల్లారెడ్డి చేరారు. మెయిన్ రోడ్డు మీదున్న భూదవ్వ ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ఆమె మనుమరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక. పుట్టింటివాళ్లకు మాత్రం కబురు లేదు.

భూదవ్వ గుమ్మంలోనే నిలబడి మేనల్లుడి చొక్కా చూసింది. "గిదేంది, ఎవల్నన్న గుద్ది వచ్చినవా?"

"కుంకుమ అత్తా. నీకు బొట్టు పెడ్దామని తెచ్చినం."

"నాకు పెట్టేది నువ్వు పూసుకున్నవా? వచ్చిన పని చెప్పు."

అరవింద్ గొంతు సవరించుకునేలోపు వెనకాల బస్సు ఆగింది. వినీత అటు చూసి భర్త మోచెయ్యి గిల్లింది.

"ఒకటి," అంది మెల్లగా. గొడుగు పెద్దమనిషి దిగాడు. "రెండు. మూడు. నాలుగు, సంచి ఆమె. అయిదు..."

వరసగా అందరూ దిగారు. అందరూ భూదవ్వ భర్త లింబాద్రి మామ తరఫు చుట్టాలే, అందరూ తొట్టెలకే వచ్చారు. ఎర్ర కారును చూసి ఆగారు. ఆఖరున తొట్టెల దిగింది. దాని కింద నుంచి లింబాద్రి మామ మొహమే బయటికి వచ్చింది. అరవింద్ ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఉన్న ఎరుపంతా చొక్కా మీదే ఉంది.

"గీడే," అన్నాడు గొడుగు పెద్దమనిషి. "ఎక్కుమన్నట్టు ఆపిండు, చెయ్యి పెట్టంగనే ఉరికిచ్చిండు."

"నా సంచి గూడ పట్కపోయిండు," అని సంచి ఆవిడ డబ్బా తెరిచి చూసింది. "రెండు సకినాలు తక్కువున్నయి."

వినీత షామియానా రంగులు పరిశీలించసాగింది.

పెళ్లి పిలుపు సంగతి అటుంచి, మంచినీళ్లయినా పుట్టేటట్టు లేవు. బాపుకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలా అని అరవింద్ కుక్కిన పేనులా నిలబడ్డాడు. కానీ భూదవ్వ మొహంలో ఏదో మారుతోంది. మొగుడి దగ్గరికి వెళ్లింది.

"నీకు గూడ ఆపలేదా?"

"ఆపలే. నెత్తి మీద తొట్టెల ఉన్నది, ముసలోన్నని గూడ చూడలే."

భూదవ్వ నవ్వడం మొదలుపెట్టింది. తొట్టెల పట్టుకుని మరీ నవ్వింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"నాలుగేండ్ల కింద మీకే అని మక్కకంకులు మోసుకొచ్చి కామారెడ్డి బస్టాండు ముంగట నిలబడ్డ. చెయ్యి ఎత్తిన. గీ ఎర్ర కారుల వీడు నా మొఖం చూసిండు, నవ్విండు, పోయిండు. పేదింటి అత్తను ఎక్కించుకునుడు నామోషీ అయ్యిందనుకున్న. నన్నొక్కదాన్నే గిట్ల చేసిండని కడుపుల పెట్టుకున్న. వీడు లోకంల ఎవ్వలకూ ఆపడు."

అరవింద్‌కు ఆ రోజు ఇప్పుడు గుర్తొచ్చింది. "ఆపిన అత్తా. నిన్ను చూడంగనే బ్రేకు తొక్కిన. గప్పుడు బ్రేకులు పడలే, పెట్రోలు బంకు కాడ ఆగింది. తిప్పుకొని వచ్చేసరికి నువ్వు వాపస్ బస్సెక్కి పోయినవ్."

"మరి ఇయ్యాల?"

"ఇయ్యాల బ్రేకులు మంచిగ పడ్తున్నయి. గందుకే ఆపలే."

"పడనప్పుడు ఆపలే, పడ్డప్పుడు ఆపలే. ఇంకెప్పుడు ఆపుతవురా?"

భూదవ్వ లోపలికి వెళ్లి ముగ్గు డబ్బా తెచ్చింది. రోడ్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని అవతల నిలబడింది.

"ఆడిదాంక పోయి రా. నా ముంగట ఆపు. గీత దాటినవంటే పెండ్లికి రాను."

లింబాద్రి మామ చెయ్యి పట్టుకుని లాగితే విదిలించుకుంది. చుట్టాలంతా అటూ ఇటూ వరసగా నిలబడ్డారు. అరవింద్ మలుపు దాకా వెళ్లి కారు తిప్పాడు. ఇంత భయం అతనికి ఎనభైలో కూడా వెయ్యలేదు. కారు వస్తోంది, అత్త కొంగు నడుముకు దోపుకుని కదలకుండా చూస్తోంది. బ్రేకు తొక్కాడు.

కారు ఆగింది. గొడుగు పెద్దమనిషి వంగి చూశాడు.

"గీతకు ఇంక నాలుగు వేళ్ల ఎడమున్నది," అని వేళ్లు చూపించాడు. "మంచిగ పడ్డయి బ్రేకులు."

అందరూ చప్పట్లు కొట్టారు, సంచి ఆవిడ కూడా. భూదవ్వ వచ్చి కిటికీ దగ్గర వంగింది. "ఇగ పెట్టు బిడ్డా బొట్టు," అంది వినీతతో.

భరిణె ఖాళీ. వినీత ఒక్క క్షణం తటపటాయించి, మొగుడి భుజం మీద వేలితో అద్ది అత్త నుదుట బొట్టు పెట్టింది. పత్రిక చేతికిచ్చింది. భూదవ్వ మేనల్లుడి తల నిమిరింది. నాలుగేళ్ల బరువు దిగినట్టు అరవింద్‌కు ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కు అత్తా," అని గబుక్కున డోరు తీశాడు. "తొట్టెల అయినంక మనింటికి పోదాం. చిటికెల తీస్కపోత."

"ఆపుమన్న గని, ఎక్కుతనన్ననా?"

ఐరేని కుండలకు రెండు రోజుల ముందే భూదవ్వ కామారెడ్డిలో దిగింది, బస్సులో.