రొట్టె ముద్రా, రెండు పాత ప్రింటర్లూ

స్లావా పండుగకు ముందురోజు పొద్దున తిహోమిర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. భార్య దెసంకా బజారుకు వెళ్ళగానే తన కోత యంత్రాన్ని ఒక్కసారి నడిపి చూడాలి. ఆమె వచ్చేలోపు వంటగది సర్దేసి పెద్దమనిషిలా కూర్చోవాలి. చాచక్ ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషికి ఇదేం పెద్ద పని? లిఫ్టు పైకీ కిందికీ పోతుంది, ఇది పక్కలకు కూడా పోతుంది, అంతే తేడా అనుకున్నాడు పాపం.

ఆ యంత్రం ఆయన ఎనిమిది నెలల తపస్సు. చెత్తకుప్పలో దొరికిన రెండు పాత ప్రింటర్ల కడ్డీలు, మోటార్లు, ఎవరో పారేసిన మంచం చట్రం. కంప్యూటర్‌లో బొమ్మ గీసిస్తే అదే చెక్కను కోసిపెడుతుంది. అంటే, కోసిపెట్టాలి. ఇంతవరకూ అది కోసినవి ఒక చేతిగుడ్డ, తిహోమిర్ చొక్కా గుండీ.

"రేపు మన ఇంటి పునీతుడి పండగ. పిలవకుండానే యాభైమంది వస్తారు. నేనొచ్చేసరికి ఈ ఇనప అస్థిపంజరం నా వంటింట్లో కనబడిందో, జార్కోకి చెప్పి పాతసామాన్ల కొట్టుకి తోలించేస్తా!" అని దెసంకా సంచీ పట్టుకుని వెళ్ళింది. జార్కో ఆమె తమ్ముడు. ఆ యంత్రాన్ని చూసి నవ్వుకోవడానికే వారానికి రెండుసార్లు వస్తుంటాడు.

తిహోమిర్ ఒక చెక్క పలక బిగించాడు. దాని మూల ఒకటి ఎగిరెగిరి పడుతోంది. కింద ఆనించడానికి సరిగ్గా సరిపోయే చెక్కముక్క బల్లమీదే కనబడింది. ఆనించాడు, మీట నొక్కాడు. కత్తి పలకను చక్కగా కోసింది. ఆయన సంతోషం పట్టలేక చప్పట్లు కొడుతుంటే, అది ఇంకా కిందికి దిగి ఆ చెక్కముక్కను కూడా నమిలేసింది. తీసి చూశాడు. అది రొట్టె ముద్ర! స్లావా రొట్టె మీద క్రీస్తు పేరును అద్దే ముద్ర. తిహోమిర్ ముత్తవ్వ నాటిది. దెసంకా పొద్దున్నే కడిగి ఆరబెట్టి వెళ్ళింది. రెండు యుద్ధాలు తట్టుకున్న ముద్ర రెండు ప్రింటర్లను తట్టుకోలేకపోయింది.

"కొంప మునిగింది" అన్నాడు పైకే. ముద్ర లేని రొట్టెను రేపు ఫాదర్ గవ్రీలో ముందు, చుట్టాలందరి ముందు ఎలా పెట్టడం? నలభై ఏళ్ళుగా ఆ రొట్టె కోసం ప్రాణం పెట్టే దెసంకాకు ముఖమెలా చూపించడం?

జిగురుతో అతికిద్దామంటే అక్షరాలున్న వైపంతా పొట్టయిపోయింది. ఇక దారి ఒక్కటే, ముద్రను మింగిన యంత్రం చేతనే కొత్తది కక్కించడం. పోయినేడు తీసిన రొట్టె ఫోటో వెతికి, అందులో ఉన్నవి ఉన్నట్టుగా అక్షరాలు కంప్యూటర్‌లో గీశాడు. మీట నొక్కగానే కత్తి మోటారు పొగ కక్కింది. కేకు పిండి గిలక్కొట్టే మిషను మోటారు పీకి దానికి తగిలించాడు. ఈసారి పక్కకు జారే పట్టా విరిగింది. చెంచాల సొరుగు పట్టా ఊడబెరికాడు. చెంచాలతో సహా సొరుగు యంత్రం మీద పడి తీగలన్నీ ఊడొచ్చాయి. ఏది ఎక్కడిదో చూసుకునే ఓపిక లేక చేతికి అందినట్టు తగిలించేశాడు.

సరిగ్గా అప్పుడే జార్కో రకియా సారా సీసాతో దిగబడ్డాడు.

"ఏంటి బావా, ఇల్లు అమ్మేస్తున్నావా, కూల్చేస్తున్నావా?"

"నోరు మూసుకుని ఈ కొస పట్టుకో!"

ఇంతలో ఫోను మోగింది. జార్కోయే ఎత్తాడు. "ఆ అక్కా! బావ నీకేదో కానుక చేస్తున్నాడు. తొందరేం లేదు, నిదానంగా రా."

"కానుకేంట్రా నీ మొహం!" అన్నాడు తిహోమిర్.

"మరి నీ కేకు మిషను పేగులు తీస్తున్నాడని చెప్పమంటావా?"

జార్కో మెట్ల దగ్గర కాపలాకు వెళ్ళాడు. అరగంట గడగడలాడి యంత్రం ఆగింది. తిహోమిర్ పొట్టు ఊది చూశాడు. గీతలు వణికాయి గాని అక్షరాలు పడ్డాయి. పడడమైతే పడ్డాయి, అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి! తీగలు అటుదిటు తగిలాయని అప్పుడర్థమైంది. ఇంకొకటి చెక్కేలోపే తలుపు తెరుచుకుంది.

దెసంకా నేలమీది చెంచాలు చూసింది, సొరుగు చూసింది, నోరు తెరిచింది. అంతలో ఆయన చేతిలో కొత్త ముద్ర కనబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"పాతది అరిగిపోయిందని పెళ్ళయిన దగ్గర్నుంచీ మొత్తుకుంటున్నా. చెవిన పడలేదనుకున్నానయ్యా!"

"దెసంకా, అసలేమైందంటే..."

"ఏం చెప్పకు. ఏడిపించకు నన్ను." ముద్రను లాక్కెళ్ళి పిండి మీద గట్టిగా అద్దేసి, రొట్టెను పొయ్యిలో పెట్టేసింది.

ఆ గంటసేపూ తిహోమిర్ పొయ్యి ముందే కూలబడ్డాడు. రొట్టె బయటికి రాగానే నిజం ఒప్పేసుకుందామనుకున్నాడు. వచ్చింది. అక్షరాలు ఎక్కడివక్కడ, తిన్నగా! ఆయన బిత్తరపోయి శిలువ గుర్తు వేసుకున్నాడు.

జార్కో ముద్రనూ రొట్టెనూ మార్చి మార్చి చూశాడు. "రొట్టె మీద తిన్నగా పడాలంటే చెక్క మీద తిరగేసి చెక్కాలని నాకైతే తట్టేదే కాదు. ఒప్పుకున్నా బావా, నీ బుర్రే బుర్ర!"

తిహోమిర్‌కు తన బుర్ర సంగతి అప్పుడు తెలిసింది. "ఆ మాత్రం తెలీదా?" అని మీసం దువ్వుకున్నాడు.

మర్నాడు ఫాదర్ గవ్రీలో రొట్టెను కోయబోయి ఆగిపోయారు. "ఎవరు చెక్కారమ్మా? ఈ వణికే గీతలు ఈ కాలపు పని కాదు. మెషీన్‌కి ఇంత భక్తి ఎక్కడిది!"

"మా ఆయనే, ఫాదర్" అంది దెసంకా. యాభైమంది ముందు ఆయన చేయి పట్టుకుంది. సాయంత్రానికి తొమ్మిది ఇళ్ళవాళ్ళు తమకూ ఒక ముద్ర కావాలన్నారు. యంత్రానికి వంటగదిలో శాశ్వతంగా మూల కేటాయించింది దెసంకాయే.

ఇంత గౌరవం దక్కాక తిహోమిర్‌కు మనసొప్పలేదు. తన యంత్రం అడ్డదిడ్డంగా నడవడమేమిటి? ముప్ఫై ఏళ్ళ పనివాడు, సిగ్గేసింది. ఎవరికీ చెప్పకుండా తీగలన్నీ సరిచేసి, అదే బొమ్మతో తొమ్మిది ముద్రలూ ఏకబిగిన చెక్కించి, ఈసారి చెక్క మీద అక్షరాలు తిన్నగా పడ్డాయని మురిసిపోతూ ఇంటింటికీ తనే పంచి వచ్చాడు.

యంత్రం ఇప్పుడు ఏ లోపమూ లేకుండా పనిచేస్తోంది. తిహోమిర్ మాత్రం ఏ పండుగకూ ఆ తొమ్మిది ఇళ్ళ వైపు వెళ్ళడం లేదు.