గుబురయ్య పరపతి

ఒక పెద్ద అడవిలో అనేస్తాం గానీ, అది ఎంత పెద్దదో కొలిచినవాడు లేడు. కొలిచి చూపిస్తానని బయల్దేరిన ఈ కథకుడు రెండో మలుపులోనే దారి తప్పి, ఒక ఎలుగుబంటి అడుగుజాడలు పట్టుకుని బతికి బయటపడ్డాడు. ఆ ఎలుగుబంటి పేరు గుబురయ్య. కథ అతనిదే.

గుబురయ్యకు చెడు అలవాట్లు లేవు. ఇప్పపువ్వు కూడా పండగలకే ముట్టేవాడు. ఉన్నదల్లా ఒక్క దురద. రోజూ వాగుకు నీళ్ళకు వెళ్ళే దారిలో, మలుపు దగ్గరున్న నల్లమద్ది చెట్టుకు వీపు ఆనించి, కళ్ళు మూసుకుని, తీరిగ్గా గోక్కునేవాడు. దారేమో ఇరుకు. అతను తృప్తిపడేలోగా వెనక జింకలు, కణుజులు, అడవిపందులు బారులు తీరేవి.

దాంతో అడవి పంచాయతీ వారు ఆ చెట్టుకు ‘ఇక్కడ ఆగరాదు’ అని బోర్డు కట్టి, ఒక వడ్రంగిపిట్టను కానిస్టేబులుగా వేశారు. ఆగినవాడికి చలానా. చలానాకు ఒక తేనెపట్టు జరిమానా. బోర్డు వల్ల గుబురయ్యకు మేలే జరిగింది. దాని అంచు బెరడు కన్నా బాగా గీరేది.

చలానాను ఆకు మీద పొడిచి, తుమ్మజిగురుతో వీపుకు అతికించేవాడు కానిస్టేబులు. అతికించిన క్షణమే అందినట్టు లెక్క. ఎవరి వీపు వాళ్ళకు కనపడదన్న సంగతి చట్టం చేసినవాళ్ళకు తెలియక కాదు, వాళ్ళ వీపులకు ఎవరూ ఏమీ అతికించరు. జిగురు ఎండితే దురద. దురదకు మద్దిచెట్టు. మద్దిచెట్టుకు ఇంకో చలానా. సాయంత్రం భార్య పుట్టమ్మ అతని వీపు చదివి, కట్టేసి రావయ్యా అనేది.

కట్టొద్దని చెప్పడానికి ఊళప్ప అనే నక్క ఉన్నాడు. కోర్టు అరుగు మీద కూర్చుని అడగనివాళ్ళకు కూడా సలహాలు చెప్పేవాడు. ప్రతి ఏడాదీ చివర్లో పంచాయతీ పాత చలానాల మీద రాయితీ ప్రకటిస్తుందనీ, నాలుగో వంతు కడితే చాలనీ, ముందే కట్టేవాడిని చూసి వసూలు గుమాస్తాలే నవ్వుకుంటారనీ వివరించాడు.

“ఎన్ని ఎక్కువ చలానాలుంటే అంత ఎక్కువ లాభం అన్నా. నీది సంపాదన కిందికే వస్తుంది” అన్నాడు.

గుబురయ్యకు ఆ మాట తేనెలా దిగింది. ఆనాటి నుంచి అతను గోక్కోవడాన్ని పొదుపుగా భావించాడు. చలానాలు ముప్పై దాటాయి. మూడు నోటీసులు వీపుకే వచ్చాయి. మూడో నోటీసు తర్వాత కేసు కోర్టుకెక్కింది. ఇక కానిస్టేబులు అతన్ని ఎక్కడ కనపడితే అక్కడ ఆపొచ్చు. అతను సరిగ్గా మద్దిచెట్టు దగ్గరే ఆపి, బాకీలన్నీ చదివి వినిపించి, ఇంతసేపు ఇక్కడ ఆగినందుకు మరో చలానా అతికించి పంపేవాడు.

ఇంతలో పుట్టమ్మకు నెలలు నిండుతున్నాయి. చలికాలం దగ్గరపడింది. వాళ్ళుంటున్న పొదలో నక్షత్రాలు బాగా కనపడేవి, అదే దాని లోపం. పిల్లలు పుట్టేలోగా నాలుగు వైపులా రాయి ఉన్న గుహ కావాలంది పుట్టమ్మ. అడవిలో గుహలు ఇచ్చేది ఒక్క పరపతి సంఘమే. ఇప్పుడు గుహ తీసుకుని తేనె వాయిదాల్లో కట్టుకోవచ్చు. గుమ్మం మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది: ‘పరపతి ఉన్నవారికే గుహ’.

అది చదివి గుబురయ్య పొంగిపోయాడు. అతనికి లేని పరపతా? పంచాయతీకి ప్రెసిడెంటైన ఏనుగుగారి చెవిలో చీమలు దూరినప్పుడు వాటిని పీల్చి బయటికి తీసింది అతనే. వెంటనే వెళ్ళి ప్రెసిడెంటుగారి కాలిముద్ర వేయించిన సిఫారసు ఆకు తెచ్చి, సంఘం మేనేజరు ముందు పెట్టాడు. మేనేజరు ముళ్ళపంది, పేరు సూదయ్య. మర్యాదస్థుడే గానీ దగ్గరికి రానివ్వడు.

“ఈ పరపతి కాదండీ” అన్నాడు సూదయ్య, ఆకును అంత దూరాన్నుంచే చూసి.

“ప్రెసిడెంటుగారికి నేను బాగా తెలుసండీ.”

“మా పుస్తకానికి కూడా తమరు బాగా తెలుసు. చిక్కంతా అక్కడే వచ్చింది.”

ఎవరు బాకీ కట్టారో, ఎవరు ఎగ్గొట్టారో రాసి మార్కులు వేసే పుస్తకాన్ని తిప్పి చూపించాడు. తొమ్మిది వందల మార్కులకు గుబురయ్యకు వచ్చినవి మూడు వందల పన్నెండు. అందులో మూడు వందలు అందరికీ ఊరికే వేస్తామనీ, ఇంకా గుడ్డులో ఉన్నవాళ్ళకు కూడా ఉంటాయనీ చెప్పాడు.

చెట్టుకు వీపు గోక్కుంటే గుహకు సంబంధమేమిటని గుబురయ్య వాదించాడు. ఒక తేనెపట్టు కట్టనివాడు నూరు కడతాడా అని సూదయ్య అడిగాడు. గుబురయ్య నేరుగా ఊళప్ప దగ్గరికి పోయాడు.

ఊళప్ప తడుముకోలేదు. పుస్తకంలోని పరపతి లేకపోతే చెవిలోని పరపతి వాడమన్నాడు. ఏడాది చివరిదాకా ఆగడమెందుకు, ప్రెసిడెంటుగారి చేత రాయితీ ఇప్పుడే ప్రకటింపజేస్తే సరి. ప్రెసిడెంటుగారికి చెవి ఎప్పుడూ దురదే. గుబురయ్య ఇంకోసారి సేవ చేసుకున్నాడు, మర్నాడే ప్రకటన వెలువడింది. అడవి అంతా బారులు తీరి నాలుగో వంతు కట్టేసింది. నలభై ఒక్క చలానాలకు పది తేనెపట్లతో సరిపెట్టి, రసీదు ఆకు ముందు పెట్టుకుని గుబురయ్య మళ్ళీ సంఘానికి వెళ్ళాడు.

సూదయ్య రసీదు చదివి, పుస్తకంలో ఏదో దిద్ది, రెండు వందల తొంభై అన్నాడు.

“తగ్గిందేమండీ? కట్టేశాను కదా.”

“కట్టలేదు గుబురయ్యగారూ, బేరమాడారు. బేరమాడి తెంచుకున్నవాడికి పుస్తకంలో ఏడేళ్ళ మచ్చ. కట్టకుండా ఉన్నా, ఏనాటికైనా కడతాడని మాకు ఆశ ఉండేది.”

అంటే గుడ్డులో ఉన్నవాళ్ళ కన్నా పది తక్కువ. ఆ మచ్చ ఒక్క గుబురయ్యకే కాదు, రాయితీ వాడుకున్న జీవులన్నిటికీ పడింది. దారిలో ఎదురైన అడవిపందులు అతని పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి తిట్టాయి. ఊళప్ప మాత్రం మచ్చ మాపిస్తానని కొత్త బోర్డు పెట్టుకున్నాడు.

చిక్కు సంఘానికి కూడా వచ్చింది. నెలాఖరులోగా ఉన్న ఒక్క గుహనూ ఎవరికో ఒకరికి ఇవ్వకపోతే, పైవాళ్ళు సూదయ్యను ముళ్ళకంపల సెక్షనుకు మారుస్తారు. అతను రాత్రనక పగలనక పుస్తకం తిరగేస్తే, మచ్చలేని పేజీ ఒకటి దొరికింది. అది డిప్పయ్య అనే తాబేలుది. డిప్పయ్య మద్దిచెట్టు మొదట్లోనే ఏళ్ళ తరబడి ఆగి ఉన్నాడు. కానిస్టేబులు అతన్ని రాయనుకుని, రోజూ అతని మీదే కూర్చుని అందరికీ చలానాలు రాసేవాడు.

మచ్చ పడని ప్రతి ఏడాదికీ మార్కులు కలిసి, తొమ్మిది వందలకు తొమ్మిది వందలు. నాకు గుహ ఎందుకండీ అని డిప్పయ్య మొత్తుకున్నాడు. అవసరం లేనివాడే సరిగ్గా కడతాడని సంఘం నమ్మకమని చెప్పి, సూదయ్య సంతకం చేయించుకున్నాడు.

తొలి మంచు పడిన రోజు గుబురయ్య, నడవలేకుండా ఉన్న పుట్టమ్మను తీసుకుని ఆ గుహ ముందు నిలబడ్డాడు. డిప్పయ్య మెడ బయటపెట్టి, నెలకు రెండు తేనెపట్లు, మూడు నెలలవి ముందుగా అన్నాడు. సంఘానికి అతను కట్టాల్సిన వాయిదా నెలకు ఒక్క పట్టే. గుబురయ్య ఒప్పుకున్నాడు. ఆ వారంలోనే, నాలుగు వైపులా రాయి మధ్య, పుట్టమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టారు. చలికి ఒక్కరు కూడా తుమ్మలేదు.

అప్పటినుంచి గుబురయ్య ఒక్క నెల కూడా తప్పలేదు. ఏడాది గడిచాక ధైర్యం చేసి సూదయ్యను అడిగాడు, ఇంత బుద్ధిగా అద్దె కడుతున్నానుగదా, నా పరపతి ఏమైనా పెరిగిందా అని.

“అద్దె కట్టడం మా పుస్తకంలోకి రాదండీ” అన్నాడు సూదయ్య. “ఎగ్గొట్టి చూడండి, వెంటనే వస్తుంది.”

నీతి: ఇంటికి అప్పు కావాలనుకునేవాడు ఇంటిని వీపు మీద పెట్టుకునే పుట్టాలి.