వెడల్పు చక్రాల పక్షాన నాలుగు మాటలు

పాత స్పోర్ట్స్ కారుకి వెనక చక్రాలు ఊడదీసి, వాటికన్నా వెడల్పాటివి బిగించుకోవడం కంటే సంసారానికి మేలు చేసే పని ఇంకొకటి లేదు. ఈ మాట నేను పూర్తి స్పృహలో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాస్తున్నాను.

దీన్ని పిచ్చి అనేవాళ్లు ఉన్నారు. టైర్ల షాపుల్లో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, భర్త ఎప్పుడు బయటపడతాడా అని చూసే ఇల్లాళ్ల మొహాలు నేను చూశాను. పాపం, వాళ్లకి దూరదృష్టి లేదు. మొదట్లో నాకూ లేదు.

మావారు ఆ కారు కొనుక్కొచ్చిన రోజు నన్ను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్లారు. ముదురు ఆకుపచ్చ రంగు. వయసులో మా పెళ్లికన్నా పెద్దది. ఎత్తు నా నడుము దాకా లేదు. ఈ కారులోకి ఎవరూ ఎక్కరండీ, దిగుతారు. బయటికి రావాలంటే మాత్రం ఎక్కాలి.

"దీనికి వెనక సీటు లేదు, చూశావా?" అన్నారు గుసగుసగా, వీధివాళ్లు వింటారేమో అన్నట్టు. "పిల్లలు ఎక్కలేరు. చుట్టాలు ఎక్కలేరు. మనిద్దరమే."

ఆ మాటకి నేను పడిపోయాను. ఎందుకు పడనూ? ఇన్నేళ్ల కాపురంలో మేమిద్దరమే కలిసి వెళ్లిన చోటు ఏదైనా ఉందా అంటే, అది పళ్ల డాక్టరు ఆసుపత్రే. అక్కడ కూడా ఒకరం లోపల, ఒకరం బయట.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం పెట్రోలు బంకు దాకా వెళ్లాం. గాలి బాగుంది. ఆయన ఏదో పాట కూనిరాగం తీశారు. నేను జుట్టు ఎగిరిపోతున్నా పట్టించుకోలేదు. అంతా బంకు దాకానే. పెట్రోలు కొట్టే మనిషి పైపు తగిలించేసి కారు చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, వెనక నిలబడి పెదవి విరిచాడు.

"బాడీ సింహంలా ఉంది సార్. వెనక టైర్లే, సైకిలు టైర్లలా ఉన్నాయి."

తిరుగు ప్రయాణంలో మావారి పాట లేదు. ఇంటికి రాగానే కారు వెనక్కి వెళ్లి నిలబడ్డారు. ఆ నిలబడడం, నా లెక్కలో, కొన్ని నెలలు నిలబడ్డారు.

వెడల్పు చక్రాల వల్ల మొదటి ప్రయోజనం ఇక్కడే మొదలయింది. మనిషికి లోకాన్ని చూసే దృష్టి మారింది. అప్పటిదాకా అందరిలాగే వస్తున్న బండిని చూసేవారు. ఇప్పుడు పోతున్న బండిని చూడసాగారు. బస్సులని, లారీలని, చెత్తబండిని కూడా వెనక నుంచి చూసి కొలతలు వేసేవారు. ట్రాక్టరుని చూసి నిట్టూర్చిన మనిషి మీ ఇంట్లో ఉన్నారా? మా ఇంట్లో ఉన్నారు.

రెండో ప్రయోజనం సంభాషణ. పెళ్లయిన కొత్తలో తప్ప భోజనాల దగ్గర నోరు విప్పని ఆయన, గ్రిప్పు గురించి మాట్లాడ్డం మొదలుపెట్టారు. రెండు పళ్లేలు ముందు, రెండు పళ్లేలు వెనక పెట్టి, మలుపు తిరిగేటప్పుడు బరువు ఏ పళ్లెం మీద పడుతుందో చూపించేవారు. నేను ఆకలితో వినేదాన్ని.

"వెనక టైరు రోడ్డుని ఎంత వెడల్పుగా పట్టుకుంటే, మలుపులో బండి అంత స్థిరంగా ఉంటుంది. తెలిసిందా?"

"మన వీధిలో మలుపు ఒక్కటేగా? దాని దగ్గర స్పీడ్ బ్రేకరుందిగా?"

"అది వేరే విషయం," అన్నారు.

చివరికి చక్రాలు వచ్చాయి. ఆయన ఒక్కొక్కటీ చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తెచ్చి సోఫా మీద కూర్చోబెట్టారు. మేము కింద కూర్చున్నాం. మెరుస్తున్న రిమ్ములు, వాటి మీద నల్లటి లావుపాటి టైర్లు. అందంగా లేవని అనను. ఆ చిన్న కారు పక్కన పెడితే, ఎవరో పెద్దాయన బూట్లు పసివాడికి తొడిగినట్టుంటాయని మాత్రం అనిపించింది. పైకి అనలేదు.

బిగించే పని సర్జన్‌ది. సర్జన్ అంటే మా మెకానిక్. ఏ బండి తీసుకెళ్లినా ముందు "కోసేద్దాం సార్" అంటాడు కాబట్టి ఊళ్లో అందరూ అతన్ని అలాగే పిలుస్తారు. కొత్త చక్రాలు బిగించి కారుని జాకీ మీద నుంచి దించగానే, టైరు పైభాగం మడ్‌గార్డు లోపల దాక్కుంది. మడ్‌గార్డు అంచు మాత్రం టైరుని రాసుకుంటోంది.

"కోసేద్దాం సార్."

మావారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. కోయడం వద్దని, అంచుని వేడి చేసి లోపలికి మడవమన్నారు. మడిచారు. పెయింటు పగిలింది. పగిలిన చోట రంగు వేశారు. కొత్త రంగు పాతదానితో కలవలేదు. కలవాలంటే వెనక భాగమంతా వేయాలన్నారు. వేశారు. అప్పుడు ముందుభాగం వెలిసిపోయినట్టు కనిపించింది. అదీ వేశారు. అంతా అయ్యాక గుంతలో పడితే మళ్లీ రాసుకుంది. స్ప్రింగులు మార్చారు. దాంతో వెనక భాగం పైకి లేచి, కారు నేల వాసన చూస్తున్నట్టు నిలబడింది.

ఇంత జరుగుతుంటే కారు ఎక్కడికైనా వెళ్లిందా? లేదు. పెట్రోలు ఖర్చు లేదు, ప్రమాదం లేదు, పొగ లేదు. పర్యావరణానికి ఇంత సేవ చేసిన స్పోర్ట్స్ కారు ఇంకోటి ఉంటే చూపించండి.

ఒక ఆదివారం సర్జన్ ఫోన్ చేశాడు. అంతా సర్దుకుందని, మేడమ్‌ని కూడా తీసుకురమ్మని అన్నాడు. నేను సంబరపడ్డాను. మంచి చీర కట్టుకుని వెళ్లాను. తోడుగా ఎదురింటి లెక్కల మేష్టారు కూడా వచ్చారు. రిటైరయ్యాక ఆయనకి ఇదే కాలక్షేపం.

ముందు మావారు ఒక్కరే కూర్చుని షెడ్డు చుట్టూ తిప్పారు. శబ్దం లేదు. పక్కన మేష్టారిని కూర్చోబెట్టుకుని తిప్పారు. శబ్దం లేదు. తర్వాత నన్ను దిగమన్నారు. అంటే కారులోకి. కారు కదిలి షెడ్డు గుమ్మం దాటేసరికి వెనక నుంచి 'జర్ర్' మని వినిపించింది.

"మేడమ్ ఓసారి లేచి బయటికి రండి," అన్నాడు సర్జన్. బయటికొచ్చాక బండి కదిలిస్తే శబ్దం లేదు.

"కూర్చోండి."

'జర్ర్.'

"లేవండి."

ఇలా నన్ను లేపుతూ కూర్చోబెడుతూ, సర్జన్ నేల మీద బోర్లా పడుకుని టైరు మీదికి టార్చి వేసి చూశాడు. మేష్టారు మర్యాదగా అటు తిరిగి గోడ మీది క్యాలెండరు చదువుతున్నారు. సర్జన్ లేచి చేతులు తుడుచుకుని, నాతో కాకుండా మావారితో చెప్పాడు.

"ఒక్కరైతే ఏ ఇబ్బందీ లేదు సార్. మేష్టారి లాంటివాళ్లు ఎక్కినా పర్లేదు. మేడమ్‌గారు ఎక్కితేనే."

మేష్టారు క్యాలెండరులో తర్వాతి నెల తిప్పారు.

"ఇది బరువు విషయం కాదు," అన్నారు మావారు నావైపు చూడకుండా. "స్ప్రింగు విషయం."

ఆ బాగోతం అక్కడితో అయిపోలేదు. కొత్త చక్రం వెడల్పు కదా, స్టెప్నీ చక్రం కూడా వెడల్పుదే ఉండాలట. అది డిక్కీలో పట్టలేదు. ఎక్కడ పెట్టాలి? మావారు, సర్జన్ ఇద్దరూ కారుని ఆ మూల నుంచి ఈ మూల దాకా చూసి, ఒకేసారి ఒకే చోట చూపు ఆపారు. నా సీటు.

"స్టెప్నీ బరువు పర్లేదు సార్," అన్నాడు సర్జన్. "రాసుకోదు."

స్టెప్నీని నా సీట్లో కూర్చోబెట్టారు. మలుపుల్లో దొర్లకుండా బెల్టు పెట్టారు. బెల్టు బిగిసిందో లేదో మావారు రెండుసార్లు లాగి చూశారు. ఇన్నేళ్లు ఆయన పక్కన కూర్చున్నాను. నా బెల్టు ఆయన ఒక్కసారి లాగి చూస్తే ఒట్టు. స్టెప్నీ అన్న మాటకి మన వాడుకలో చిన్నిల్లు అని ఇంకో అర్థం ఉందని మీకు తెలుసు, నాకు తెలుసు. ఆయనకి మాత్రం ఆ రోజు తట్టలేదు.

నేను ఆటోలో ఇంటికొచ్చాను. మేష్టారు కూడా ఆటోలోనే వచ్చారు. దారి పొడుగునా ఆయన వాతావరణం గురించి మాట్లాడారు. మంచి మనిషి.

ఆ తర్వాతి వారం మా అక్క భోజనానికి పిలిచింది. అక్కావాళ్లు కొండ మీద కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. దారంతా మలుపులే. మావారి కళ్లు మెరిశాయి.

"వెళ్దాం," అన్నారు. "నేను దీన్ని తీసుకుని ముందు వెళ్తాను. నువ్వు చిన్న కారులో వెనక వచ్చెయ్."

చిన్న కారంటే నేను రోజూ ఆఫీసుకి వేసుకెళ్లేది. దానికి నాలుగు తలుపులు, నాలుగు సన్నటి టైర్లు, వెనక సీటు అన్నీ ఉన్నాయి. కూరగాయలకీ, గ్యాసు సిలిండరుకీ, చుట్టాలని స్టేషన్లో దింపడానికీ అదే.

నిజం చెప్పొద్దూ, అప్పుడు కోపం రాలేదు. ఏడుపు వచ్చింది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను. నీళ్లు పోతూ ఉన్నాయి. సర్జన్ అన్న మాట మరోసారి గుర్తు చేసుకున్నాను. ఒక్కరైతే ఏ ఇబ్బందీ లేదు అన్నాడు. ఆ ఒక్కరు ఎవరో చెప్పలేదు.

కుళాయి కట్టేసి బయటికొచ్చి చెయ్యి చాచాను.

"తాళాలు ఇవ్వండి. నేను ముందు వెళ్తాను. మీరు చిన్న కారులో రండి."

"నువ్వా?"

"లైసెన్సుంది. రోజూ నడుపుతున్నాను. ఒక్కదాన్నే కూర్చుంటాను కాబట్టి రాసుకోదు. ఇంకేమైనా ఉందా?"

ఆయన జేబులోంచి తాళాలు తీసి, ఒకసారి వాటికేసి చూసుకుని, నా చేతిలో పెట్టారు. స్టెప్నీ బెల్టు నేనే విప్పాను. దాన్ని ఆయనే మోసుకెళ్లి చిన్న కారు ముందు సీట్లో కూర్చోబెట్టుకున్నారు. ఆ ఖాళీ సీట్లో నా చేతిసంచి పెట్టుకున్నాను.

పాఠకులారా, వెడల్పు చక్రాల గొప్పతనం గురించి మావారు పళ్లేలతో చెప్పినదంతా నిజం. కొండ దారిలో మొదటి మలుపు తిరగ్గానే తెలిసింది. కారు రోడ్డుని గట్టిగా పట్టుకుంది. స్టీరింగు కొంచెం తిప్పితే చాలు, ఒళ్లు ఒకవైపు ఒరిగిందే తప్ప చక్రం జారలేదు. రెండో మలుపుకి భయం పోయింది. మూడో మలుపుకి నవ్వొచ్చింది. ఒక్కదాన్నే, ఎవరినీ ఎక్కడా దింపే పని లేకుండా, దారిలో ఏమీ కొనే పని లేకుండా, అలా వెళ్లి ఎన్నాళ్లయిందో. వెనక శబ్దం వస్తోందేమోనని చెవి పెట్టి విన్నాను. ఇంజను తప్ప ఏమీ లేదు. అద్దంలో చూస్తే చిన్న కారు కింద మలుపులో కనిపించింది. ఆ తర్వాత కనిపించలేదు.

అక్క గేటు తీస్తూనే బిత్తరపోయింది.

"ఇదేమిటే, నువ్వు నడుపుకొచ్చావా? మరిదిగారేరీ?"

"వెనక వస్తున్నారు."

"రెండు కార్లెందుకు? పోట్లాడుకున్నారా?"

"లేదక్కా. చక్రాలు వెడల్పు చేయించాం."

అక్కకి అర్థం కాలేదు. కాఫీ పెట్టింది. మేము తాగేశాం. కప్పులు కడిగేశాం. అప్పుడొచ్చారు ఆయన, రైలు తనని ప్లాట్‌ఫారం మీద వదిలేసి వెళ్లిపోయిన మనిషిలా. "రండి మరిదిగారూ" అని అక్క పిలిస్తే కూడా ముక్తసరిగా తలూపారు. భోజనం అయ్యాక డాబా మీద నా పక్కకి వచ్చి నిలబడ్డారు.

"అద్దంలో ఒక్కసారైనా చూసుకున్నావా?"

"చూశాను."

"మరి ఆగొచ్చుగా?"

"ఆగేదాన్నే. బండి బాగుంది."

ఆయన తిరుగు ప్రయాణంలో తాళాలు అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆ కారు నాది. పొద్దున్నే కొండ దాకా వెళ్లొస్తాను. పెట్రోలు బంకు మనిషి ఇప్పుడు వెనక నిలబడి మెచ్చుకుంటాడు. స్టెప్నీ ఇంట్లో సోఫా మీద ఉంటుంది, మావారికి తోడుగా.

ఇంత సుఖంగా ఉన్న సంసారంలో కొత్తగా ఓ చిక్కు వచ్చిపడింది. పాత సన్నటి చక్రాలే మళ్లీ వేయించేద్దామని మావారు అంటున్నారు. పాత బండికి పాత చక్రాలే అందమట. వెడల్పు టైర్లకి పెట్రోలు ఎక్కువ తాగుతుందట. సర్జన్ కూడా ఆయన పక్షం చేరి, కోసే పనేమీ లేదు, గంటలో మార్చేస్తానంటున్నాడు. నేను ససేమిరా ఒప్పుకోలేదు. గ్రిప్పు గురించి చెప్పాను. మలుపుల గురించి చెప్పాను. ఈ వ్యాసం రాయడానికి కూడా అదే కారణం.

మొన్న సాయంత్రం నేనే అడిగేశాను. "ఇంత కష్టపడి వేయించారుగా. ఇప్పుడెందుకు మార్చడం? అసలు కారణం చెప్పండి."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తుడిచిన అద్దాలే మళ్లీ తుడిచారు.

"నీ పక్కన కూర్చుందామని," అన్నారు.

ఇన్నేళ్లలో ఆ మాట ఆయన నోటి వెంట రావడం నేను వినలేదు. నిన్న మళ్లీ అడిగారు. ఇవాళ పొద్దున్న ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి మరీ అడిగారు. ఇప్పుడు ఆ చక్రాలు మార్చేశామనుకోండి, ఆయన పక్క సీట్లో కూర్చుంటారు. కూర్చున్న మనిషి ఇంకెందుకు అడుగుతారు?

అందుకే ఒప్పుకోవడం లేదు. ఇంకొన్నాళ్లు అడగనివ్వండి.